వెనక్కి తిరగని హీరోయిన్

ఆయన నడక మీరంతా చూశారు. ఆయన్ని మాత్రం చూసి ఉండరు.

మన సినిమాల్లో హీరోయిన్ కొండ అంచున పైట ఎగరేస్తూ నిలబడినప్పుడో, సముద్రం ఒడ్డున దూరంగా నడిచి వెళ్ళిపోతున్నప్పుడో, గుర్రం మీద దుమ్ము లేపుకుంటూ పోతున్నప్పుడో, ఆ కనిపించే వీపు చాలాసార్లు మా మాస్టారిది. వృత్తికి ఆయన డాన్స్ అసిస్టెంటు. రిహార్సల్లో హీరో ఎదురుగా హీరోయిన్ స్టెప్పులన్నీ ఆయనే వేసి చూపించాలి. షూటింగ్‌లో దూరం షాట్లకీ ప్రమాదం షాట్లకీ సవరం పెట్టుకుని, చీర కట్టుకుని, హీరోయిన్‌కి డూప్‌గా నిలబడాలి. ఆ రోజుల్లో ఆ పని మగవాళ్ళే చేసేవాళ్ళు. ఆడపిల్లలకైతే దెబ్బలు తగులుతాయనేవారు. మగవాళ్ళకి తగలవు కాబోలు.

గొంతు సంగతికొస్తే, ఆ హీరోయిన్లలో చాలామందికి గొంతు నాది. నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. బొంబాయి నుంచి విమానం దిగే అమ్మాయికి తెలుగు రాదు, చీరలో నడక రాదు. నడక మాస్టారిచ్చేవారు, మాట నేనిచ్చేదాన్ని, ముఖం ఒక్కటీ ఆ పిల్ల వెంట తెచ్చుకునేది.

"మనిద్దరం కలిస్తే ఒక హీరోయిన్, అమ్మాయ్. విడిగా ఉంటే కృష్ణానగర్‌లో ఇద్దరు అద్దెవాళ్ళం," అనేవారు ఆయన.

ఆయన పోయి నెల కాలేదు. మొన్న మధ్యాహ్నం బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ టీవీ పెడితే ఆ సినిమా వస్తోంది. తొంభైల మొదట్లో కెనడాలో తీసిన సినిమా. టొరంటోలో ఒక పెద్ద వీధి, వీధి నిండా జనం, రంగురంగుల జెండాలు, ఆ జనం మధ్యలోంచి పసుపు చీర కట్టుకున్న హీరోయిన్ మనకి వీపు పెట్టి నడుస్తూ ఉంటుంది. హీరో పిలుస్తాడు. ఆమె ఆగుతుంది. "ఇంతమందిలో నన్నెలా గుర్తుపట్టావ్?" అంటుంది. ఆ అన్నది నేను. ఆగింది మాస్టారు. ఇక ఆమె తిరగబోతుండగా షాటు మారిపోయి, ఎక్కడో పార్కులో తీసిన అమ్మాయి ముఖం వచ్చేస్తుంది.

"తిరగండి మాస్టారూ," అన్నాను పైకే. వంటింట్లోంచి మా అమ్మ ఎవరొచ్చారని అడిగింది.

డూప్‌కి ఉన్న నియమం అదొక్కటే. తిరక్కూడదు. తిరిగితే షాటు పోయినట్టే, ఫిల్ము దండగ. ఆయన ఆ నియమాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నారు. వెనకనుంచి పిలిస్తే చప్పున తిరిగేవారు కాదు. ఆగేవారు, మనమే ముందుకెళ్ళి మాట్లాడాలి. బజార్లో ఎవరైనా "మేడమ్" అని వెక్కిరించినా అంతే, నడక మారేది కాదు. ఓసారి నేనే ఉండబట్టలేక ఆ కుర్రాళ్ళ మీదికి వెళ్ళబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. "పిలిస్తే పిలవనీ అమ్మాయ్. కాఫీ తెచ్చి పిలిస్తే ఇంకా బాగుండేది."

ఫోటో తియ్యనిచ్చేవారు కాదు. లొకేషన్‌లో స్టిల్ ఫోటోగ్రాఫర్ కెమెరా ఎత్తితే చాలు, ఏ రిఫ్లెక్టర్ వెనక్కో జారుకునేవారు. ఒక హీరోయిన్‌లో ఇద్దరున్నారని జనానికి తెలిస్తే టిక్కెట్టు ఎవరు కొంటారని నవ్వేవారు. అది నవ్వే మాట కాదని నాకు తర్వాత్తర్వాత అర్థమైంది. తనెలా ఉంటారో ఎవరికీ కనబడకూడదనే బతికారాయన.

హీరోయిన్లకి నడక నేర్పేటప్పుడు చూడాలి. "ముందు చూపు, తర్వాత భుజం, ఆ తర్వాతే కాలు," అని చెప్పేవారు. వెనక్కి తిరిగేటప్పుడు ఆడది ఒళ్ళంతా ఒకేసారి తిప్పదట, తలుపు తీసినట్టు కొంచెం కొంచెంగా తెరుచుకుంటుందట. లుంగీ మీద తువ్వాలు పైటగా వేసుకుని ఆయన అది చేసి చూపిస్తుంటే, గడ్డం గరుకుగా పెరిగిన ఆ ముఖంలో నేను మైకు ముందు తెచ్చుకోలేని సిగ్గు కనబడేది. ఎన్నో డైలాగులు ఆయన్ని తలుచుకునే చెప్పాను.

ఎనభైల చివర్లో మద్రాసు నుంచి పరిశ్రమతో పాటు మేమూ మూటాముల్లే సర్దుకుని వచ్చాం. ఫిల్మ్‌నగర్ అంటే అప్పటికింకా బండలూ తుప్పలే. బంగళాలు కట్టేవాళ్ళు జూబ్లీహిల్స్‌లో కట్టుకుంటున్నారు, మాలాంటివాళ్ళం కృష్ణానగర్ గల్లీల్లో దూరాం. కింద వాటాలో మా అమ్మా నేనూ. పైన రెండు గదుల్లో మాస్టారూ, ఆయనతో పాటు ఒక డ్రైవరూ.

డ్రైవరంటే యూనిట్ బస్సు డ్రైవరు. పొద్దున్నే కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టుల్ని ఎక్కించుకుని లొకేషన్‌కి తీసుకెళ్ళి, సాయంత్రం దింపేవాడు. టోలిచౌకి వైపు మనిషి. తండ్రి లేడు, తల్లీ అన్నా ఉన్నారు. మాట తక్కువ. మాస్టారిది తెనాలి యాస, ఇతనిది పక్కా హైదరాబాదు. ఇల్లు అద్దెకి అడిగినప్పుడు అన్నదమ్ములమని చెప్పారట. ఓనరమ్మ తెలివైంది. "ఒగడు ఏంటండీ అంటడు, ఒగడు ఏందంటడు. అన్నదమ్ములెట్లయిండ్రు?" అని నిలదీసింది. అప్పటికప్పుడు మాస్టారు బావా బావమరుదులమని మార్చారు. మరి మధ్యలో అక్కో చెల్లెలో ఉండాలి కదా అంటే, ఊళ్ళో ఉందన్నారు. ఆ లేని ఆడమనిషి క్షేమం ఓనరమ్మ ప్రతి పండక్కీ అడిగేది. మాస్టారు ఓపిగ్గా చెప్పేవారు. ఒకసారి ఆవిడకి మోకాళ్ళ నొప్పులని కూడా చెప్పారు.

వాళ్ళిద్దరూ ఏమిటో మొదట్లో నాతో ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి మాట కూడా లేదు. మన దగ్గరున్న మాటలన్నీ తిట్లే. కానీ పక్కపక్కన బతికేవాళ్ళకి కొన్ని కనబడతాయి. డ్రైవరు ఖాకీ చొక్కాని మాస్టారు హీరోయిన్ చీరకంటే శ్రద్ధగా ఇస్త్రీ చేసేవారు. మాస్టారికి వేడి టీ తాగలేని నాలుక, అందుకని డ్రైవరు రెండు గ్లాసుల్లోకి తిరగపోసి, చల్లార్చి, తనొక గుక్క తాగి చూసి, అప్పుడిచ్చేవాడు. గుర్రం మీంచి పడి మాస్టారి భుజం జారినప్పుడు డ్రైవరు వారంపాటు బస్సు తియ్యలేదు. మా అమ్మ అవన్నీ చూసి, "మీ నాన్న నాకు ఒక్కనాడు టీ చల్లార్చి ఇవ్వలేదే," అంది. అంతకుమించి ఏమీ అనలేదు. మా అమ్మంటే నాకు గౌరవం పెరిగింది ఆ రోజే.

కెనడా వెళ్ళింది ఆ రోజుల్లోనే. పాటకీ నాలుగు సీన్లకీ వెళ్ళిన చిన్న యూనిట్టు. మాస్టారికి అదే మొదటి విమానం. టొరంటోలో పార్కులో తీసుకుని వ్యానులో తిరిగొస్తుంటే ఒక వీధి దగ్గర దారి మూసేశారట. చూస్తే ఇసకేస్తే రాలనంత జనం. ఇంద్రధనుస్సు రంగుల జెండాలు, బ్యాండు మేళాలు, లారీల మీద డాన్సులు. మా డైరెక్టరుకి ప్రాణం లేచొచ్చింది. ఇంత క్రౌడు, ఇన్ని రంగులు, అడగకుండానే దొరికాయి. వీళ్ళ పండగేమిటని దారి చూపించడానికి వచ్చిన అక్కడి తెలుగాయన్ని అడిగితే, ఆయన నీళ్ళు నమిలి, ఏదో వీళ్ళ జాతరండీ అన్నాడు. అంతే, కెమెరా దింపారు. హీరోయిన్‌కి జ్వరం, హోటల్లో పడుకుంది. మాస్టారికి వ్యానులోనే పసుపు చీర కట్టి జనంలోకి దింపారు. హీరో పిలుస్తాడు, ఆగు, తిరక్కు, మిగతాది తర్వాత చూసుకుందాం అన్నారు.

ఆ జాతర ఏమిటో ఆ తెలుగాయన తర్వాత గొంతు తగ్గించి మాస్టారొక్కరికే చెప్పాడట. మగవాళ్ళని ప్రేమించే మగవాళ్ళూ, ఆడవాళ్ళని ప్రేమించే ఆడవాళ్ళూ, వాళ్ళ స్నేహితులూ, తల్లిదండ్రులూ ఏడాదికోసారి అలా వీధిలో నడుస్తారని. చెప్పి, మనకెందుకులెండి ఇదంతా అన్నాడట. అదంతా మాస్టారు మా గడపలో కూర్చుని చెప్పారు.

"అక్కడ అన్నీ ఉన్నాయని కాదమ్మాయ్. ఇద్దరు ముసలాళ్ళు చేతులు పట్టుకుని నా పక్కనే నడిచారు. ముప్పై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నారట, ఆ తెలుగాయనే కనుక్కుని చెప్పాడు. ఒకాయనకి జబ్బు చేస్తే రెండో ఆయన్ని నువ్వేమవుతావని ఆస్పత్రిలో లోపలికి రానివ్వలేదట. చట్టంలో వాళ్ళకింకా ఏ వరసా లేదు. కానీ అడుగుతున్నారు. రోడ్డు మీద, పట్టపగలు, పెద్ద గొంతుతో అడుగుతున్నారు. పోలీసులు పక్కన నిలబడి దారిస్తున్నారు."

ఇంకొకటి కూడా చెప్పేవారు, అది ఎన్నిసార్లు చెప్పినా మొదటిసారి చెప్పినట్టే చెప్పేవారు. షాటయ్యాక వ్యాను జనానికి అవతల ఉండిపోయి, చీర విప్పుకోడానికి చోటు లేక ఆ వీధిలోనే ఒక చిన్న హోటల్లోకి వెళ్ళారట. ఎక్కడెక్కడి దేశాల నుంచో ఆ పండక్కి వచ్చిన జంటలు మ్యాపులు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారట. ఈయన చీరలో ఉన్నారు, చెమటకి మేకప్పు కారుతోంది, గీసిన గడ్డం పచ్చగా మొలుస్తోంది. కౌంటర్లో ఉన్నావిడ నవ్వలేదు. ఈయన కూడా పండక్కి వచ్చిన యాత్రికుడే అనుకుంది. మీకూ మీ ఆయనకీ ఒక మంచమున్న గది కావాలా, రెండు మంచాల గది కావాలా అని వేళ్ళు చూపించి అడిగింది. "కాఫీయా టీయా అన్నట్టు అడిగిందమ్మాయ్," అనేవారు మాస్టారు, చెయ్యి ఇటూ అటూ తిప్పి చూపిస్తూ. ఏం చెప్పారని అడిగితే, ఒకటే అని చెప్పి బాత్రూం ఎటని అడిగానన్నారు.

అక్కడ ఉండిపోవాలన్న ఆలోచన ఆయనకి ఒక్క క్షణం కూడా రాలేదు. ఇది ఇంటికెళ్ళి చెప్పాలి, అదే ఆత్రం. ఎందుకంటే ఇంటి దగ్గర డ్రైవరుకి పెళ్ళి చూపులు మొదలయ్యాయి. తల్లి మంచం పట్టి ఏడుస్తోంది, కార్తీకంలో ముహూర్తం పెట్టుకుందామని అన్న తిరుగుతున్నాడు. డ్రైవరు అవుననడు, కాదనడు. లోకంలో ఇట్లాంటివాళ్ళం మనమిద్దరమే, మన మీద ఏదో శాపం పడింది, పెళ్ళి చేసుకుంటే పోతుందేమో అని అతని బాధ. ఈ మాట మాస్టారే నాతో చెప్పారు. మనిద్దరమే కాదురా అని రుజువు చూపిస్తే చాలు, తల్లికి వద్దని చెప్పే ధైర్యం వస్తుందని ఆయన ఆశ. ఆయన జీవితమంతా ఆ ఆశ మీద నిలబడి ఉంది ఆ నెలలో.

డ్రైవరు నమ్మలేదు. నమ్మకపోవడానికి అతను చెప్పిన కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

"గంతమందిని ఏ ఏజెంటు సప్లై జేసిండక్కా? జెండలిచ్చి నడువుమంటే నడుస్తరు. మా బస్సుల దినాం ఎక్కుతలేరా గసొంటోళ్ళు?"

అతని తప్పేముంది. పొద్దున్న తన బస్సెక్కిన మనుషులే మధ్యాహ్నానికి పెళ్ళివారవుతారు, సాయంత్రానికి శవం వెనక ఏడుస్తారు. జెండాలు పట్టుకున్న గుంపు ఎక్కడ కనబడినా ఎవరో డబ్బిచ్చి తెచ్చినవాళ్ళే అతని లెక్కలో. కెనడాలో కూడా ఒక కృష్ణానగర్ ఉందనుకున్నాడు. మాస్టారు ఎంత చెప్పినా, సినిమావాళ్ళు నిన్ను కూడా నమ్మించేశారు అన్నాడు.

ఆ సీను నా దగ్గరికి డబ్బింగ్‌కి వచ్చింది. ఆ ముందురోజు సాయంత్రం మాస్టారు మెట్లు దిగి వచ్చి, ఒక విషయం చెప్పి, తల దించుకున్నారు. ఆ షాట్‌లో ఆయన తిరిగారు. అన్నేళ్ళ వృత్తిలో అదొక్కసారే. ఎడిటరు ఇంకా చివరి కత్తిరింపు వెయ్యలేదు, ఆ తిరిగిన ముక్క డబ్బింగ్‌కి వచ్చేదాంట్లో ఉంది, రేపు దాటితే పోతుంది. పోయేలోగా అది డ్రైవరుకి చూపించాలట.

ఎందుకు తిరిగారని అడిగాను.

"ఆ ముసలాయన నా భుజం మీద చిన్న జెండా కప్పి ఏదో అన్నాడు. ఇంగ్లీషు అర్థం కాలేదు. కానీ ఆయన పిలిచింది నన్నమ్మాయ్. చీరని కాదు."

మర్నాడు పొద్దున డ్రైవరు బస్సు ఫిల్మ్‌నగర్ ఎత్తు మీద ఆ చిన్న డబ్బింగ్ థియేటర్ ముందు ఆగింది. ఇద్దరూ వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. పెద్ద థియేటర్లలో అప్పటికే రీలుని ముందుకీ వెనక్కీ తిప్పే మిషన్లు వచ్చాయి. మా దాంట్లో ఇంకా లూపులే. సీను ముక్కని కోసి, రెండు కొసలూ అతికించి, దండలా ప్రొజెక్టరుకి వేసేవారు. మాట సరిగ్గా పడేదాకా ఆ ముక్క తెర మీద తిరుగుతూనే ఉంటుంది. పడగానే ఓకే అంటారు, ఆ దండ తీసేసి ఇంకోటి వేస్తారు. ఇందులో నాకో పేరుంది. మొదటిసారికే చెప్పేస్తానని నన్ను పెట్టుకుంటే ఆ పూట తొందరగా ఇంటికెళ్ళొచ్చని అసిస్టెంట్లు సంబరపడేవారు.

దీపాలు ఆర్పారు. వీధి వచ్చింది, జనం వచ్చారు, పసుపు చీర వచ్చింది. ఆగింది. తిరిగింది. చూపూ భుజమూ కాలూ అన్న క్రమం ఏమీ లేదు. ఒళ్ళంతా ఒక్కసారే తిరిగి, తల వెనక్కి వాల్చి, మాస్టారు నవ్వారు. ఆయన అలా నవ్వగలరని నాకు తెలియదు. నేను మాట చెప్పడమే మర్చిపోయాను. మొదటి తప్పు నిజం తప్పే.

రెండోసారి చెప్పగలను. చెప్పబోయి, వెనక చీకట్లో కుర్చీ కిర్రుమంటే అటు చూశాను. డ్రైవరు ముందుకు వంగి ఉన్నాడు. అతనింకా మాస్టారి ముఖమే చూస్తున్నాడు, జనాన్ని చూడలేదు. ఒక్కసారి చూస్తే ఏం సరిపోతుంది? దగ్గాను. మూడోసారి ఒక అక్షరం మింగాను. తర్వాత ముందే అందుకున్నాను, ఆ తర్వాత ఆలస్యంగా అందుకున్నాను. ఇంతమందిలో నన్నెలా గుర్తుపట్టావ్, ఇంతమందిలో నన్నెలా గుర్తుపట్టావ్. ఏమైందమ్మా ఇవాళ అని అద్దం వెనకనుంచి రికార్డిస్టు అడిగాడు. గొంతు బాగాలేదన్నాను. వేణ్ణీళ్ళు తెప్పించారు. దండ తిరుగుతూనే ఉంది, మాస్టారు తిరుగుతూనే ఉన్నారు, నవ్వుతూనే ఉన్నారు.

ఆ గుంపులో కెమెరాకి దగ్గరగా ఒక పెద్దావిడ అట్ట మీద ఏదో రాసి పట్టుకుని నడుస్తుంది. దాని మీద ఏముందని డ్రైవరు అడగడం వినిపించింది. మా అబ్బాయి కోసం వచ్చాను అని రాసిందట, ఆ తెలుగాయన చదివి చెప్పాడన్నారు మాస్టారు. నీళ్ళు తాగే వంకన నేను వాళ్ళ వరసలోకి వెళ్ళి నిలబడ్డాను.

"అక్కా, జూనియర్లయితే కెమెరా దిక్కు సూస్తరు," అన్నాడు తెర మీంచి కళ్ళు తియ్యకుండా. "ఎన్నిసార్లు తిట్టినా ఒగడన్న సూస్తడు. గీళ్ళెవ్వరు సూస్తలేరు. ఒక్కరు గూడ సూస్తలేరు. గిది నిజమే."

మాస్టారు అతని చెయ్యి పట్టుకున్నారు. నా ఎదురుగానే పట్టుకున్నారు, అదే మొదటిసారి. చీకట్లో కూడా ఆయన ముఖం వెలిగిపోతోంది. నాకు గంతెయ్యాలనిపించింది.

డ్రైవరు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ చేతిని రెండో చేత్తో నిమురుతూ, మెల్లగా అన్నాడు.

"నిజమే మాస్టారూ. గాని గాడ. మనముండేది గీడ."

నేను మైకు దగ్గరికి వెళ్ళిపోయాను. ఈసారి ఏమీ అనుకోలేదు, ఏమీ చెయ్యలేదు. నోరు తెరిచాను, మాట వచ్చింది. ఓకే, చాలా బాగుందమ్మా, ఇంతసేపు కష్టపడ్డందుకు ఫలితం దక్కింది అన్నాడు రికార్డిస్టు. ప్రొజెక్టరు ఆగింది. దండ తీసేశారు.

కార్తీకంలో పెళ్ళయింది. మాస్టారు వెళ్ళారు, అక్షింతలు వేశారు, భోంచేశారు. పెళ్ళికూతురు మంచి పిల్ల. ఆ పిల్లనేమీ అనడానికి లేదు, అనుకోను కూడా. డ్రైవరు టోలిచౌకికి మారిపోయాడు. సినిమా విడుదలైంది. కెనడా జాతరలో తీసిన సీను అద్భుతం అన్నారు. ఆ జాతర ఏమిటో మన రాష్ట్రంలో మా ముగ్గురికే తెలుసు.

తర్వాత కొన్నేళ్ళపాటు బస్సు పొద్దున్నే మా గల్లీ చివర ఆగి హారన్ కొట్టేది. జూనియర్లు ఎక్కేది మెయిన్ రోడ్డు మీద, గల్లీ దగ్గర ఎవరూ ఎక్కరు. అయినా కొట్టేది. మాస్టారు టీ గ్లాసుతో పిట్టగోడ దగ్గరికి వచ్చి నిలబడేవారు. డ్రైవరు దిగేవాడు కాదు, ఈయన దిగి వెళ్ళేవారు కాదు. గ్లాసులో పొగలు పోయేదాకా నిలబడి, బస్సు కదిలాక, చల్లారిన టీ తాగి లోపలికి వెళ్ళేవారు. నాకు కోపమొచ్చేది. ఎవరి మీదో తెలిసేది కాదు. ఒకసారి అడిగేశాను, ఇలా ఎన్నాళ్ళు మాస్టారూ అని. "టీ చల్లారాలి కదమ్మాయ్," అన్నారు. కొన్నాళ్ళకి ఆ బస్సు వేరే కంపెనీకి పోయింది. హారన్ ఆగిపోయింది. ఆయన మాత్రం గ్లాసు పట్టుకుని ఆ టైముకి అక్కడ నిలబడటం మానలేదు.

ఓనరమ్మ మాత్రం ఊళ్ళో ఉన్న ఆ అక్కగారి క్షేమం అడగటం మానేసింది. ఎందుకు మానేసిందో ఆవిడకే తెలియాలి.

ఈ వేసవిలో గుండె నొప్పి వచ్చి ఆయన పోయారు. కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. తెనాలికి ఫోన్ చేస్తే రాలేమన్నారు. డాన్సర్ల యూనియన్‌వాళ్ళు వచ్చారు, దండ తెచ్చారు. దండ వెయ్యడానికి ఫోటో కావాలన్నారు. పెట్టెలో లేదు, గోడ మీద లేదు, కెనడా వెళ్ళినప్పటి పాస్‌పోర్టు ఏమైందో తెలియదు, యూనియన్ కార్డు కోసం తప్పక తీయించుకున్నది ఆఫీసులో చెదలు తినేసింది. ఆయన ముఖం ఉన్న ఫిల్ము ముక్క ఒకప్పుడు ఉండేదని నేనెవరితో చెప్పను? ఆ దండ తీసుకెళ్ళి పాడె మీదే పెట్టారు.

శ్మశానంలో కట్టెలు పేర్చాక, కర్మ చేసేదెవరని పంతులుగారు అడిగారు. యూనియన్‌వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అప్పుడు వెనకనుంచి వచ్చాడు. జుట్టు సగం నెరిసింది. అదే ఖాకీ చొక్కా, ఇస్త్రీ లేదు. ఎవరు చెప్పారో, ఎలా తెలిసిందో.

"నువ్వేమవుతావు నాయనా?" అన్నారు పంతులుగారు.

అతను నన్ను చూశాడు. ఓనరమ్మ కొడుకు ఉన్నాడక్కడ, లైట్‌మన్లున్నారు, డాన్సర్లున్నారు. చెప్పు, ఇప్పుడైనా చెప్పు అని లోపల అరుస్తున్నాను.

"బావమరిదిని," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన కట్టె మీద ఉండగా కూడా అదే అబద్ధమా అనుకున్నాను. కుండ భుజానికెత్తుకున్నాడు. చితి చుట్టూ తిరిగాడు, పంతులుగారు ఒక్కో చుట్టుకీ కుండకి చిల్లి పెడుతుంటే నీళ్ళు అతని వీపు మీద కారాయి. కుండ వెనక్కి వదిలేశాడు. నిప్పు పెట్టాడు. ఇక గేటు వైపు నడిచి వెళ్ళిపోవాలి, మళ్ళీ చూడకూడదు. అది అందరికీ తెలిసిందే అయినా, "వెనక్కి తిరక్కూడదు నాయనా," అని పంతులుగారు గుర్తు చేశారు.

నడిచాడు. మేమంతా పక్కకి జరిగి దారిచ్చాం. గేటు దాకా వెళ్ళి ఆగాడు. పంతులుగారు మళ్ళీ అన్నారు. యూనియన్‌వాళ్ళూ అన్నారు.

తిరిగాడు. ఒళ్ళంతా ఒక్కసారే తిప్పి, మంట వైపు చూస్తూ నిలబడిపోయాడు. తిరక్కూడదని ఇంకా ఎవరో అంటూనే ఉన్నారు. అందరం అతన్నే చూస్తున్నాం. అతను మాత్రం మా ఒక్కరి వైపు కూడా చూడలేదు.